చింతగింజ పట్టేంత సందు

ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు, మృగశిర కార్తె మొదలైన రెండో రోజు మధ్యాహ్నం, కొత్త ఇంటి మీద తొలివాన పడుతుండగా కోటిలింగం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. చేతిలో పోగు తోసే నాడె లేదు, చింతగింజ ఉంది. ఇందాక ఆ గింజ ఆగిపోయింది. పదమూడు రోజులుగా ఆగని గింజ. గడప పక్క మేకు నించి వెనక గోడ మేకు దాకా, గచ్చుకి చింతగింజ ఎత్తున, ఇంటి నడిమధ్యగా ఒక నూలుపోగు బిగించి కట్టుకున్నాడతను. రోజూ ఎవరూ చూడకుండా ఆ పోగు కింద గింజని వేలితో తోస్తూ పోయేవాడు, అది ఈ కొస నించి ఆ కొసకి ఎక్కడా తగలకుండా జారిపోయేది. నేత ఇంట్లో నేల మీద పోగు కనిపిస్తే ఇదెందుకని అడిగేదెవరు, కోడలు రాఘవమ్మ చీపురు ఎత్తి దాన్ని దాటించి ఊడ్చుకుపోతుంది, అంతే. ఇవాళ మగ్గానికి మూడు జానల దూరంలో గింజ పోగుకి తగిలి నిలబడింది. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ అక్కడే. గింజ ఆగిందంటే గచ్చు లేచిందన్నమాట, గచ్చు లేచిందంటే దాని కింద రేగడి నీళ్ళు తాగిందన్నమాట. తాగించింది ఎవరు? ఆ చోటికి రెండు బారల దూరంలో చాప మీద కోడలు నిద్రపోతోంది, ఆమె పక్కన రెండు నెలల పసిపిల్ల, ఇంకా పేరు పెట్టని పిల్ల, పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది. వాళ్ళ వీపుల కింద గచ్చు చల్లగా, నున్నగా ఏమీ ఎరగనట్టు ఉంది.

వాన గట్టిపడింది. బంగళా పెంకుల మీద చప్పుడు మొదట వడ్లు చల్లినట్టుండేది, ఇప్పుడు బస్తాలు కుమ్మరిస్తున్నట్టుంది. చూరు ధారలు ఇంటి చుట్టూ వాలుగా పోసిన మూరెడు వెడల్పు గచ్చు మీద పడి చిట్లి, రోడ్డు పక్క కాలవకి పోతున్నాయి. గోడ మొదట్లో ఒక్క చుక్క నిలబడకూడదండి, అన్నాడు లాజరు మేస్త్రి ఆ వాలు పోస్తూ. స్నానం గోడ పక్కన చెయ్యొద్దండి, గోడ పక్కన ములగ చెట్టు పెట్టొద్దండి, అరటి అసలే వద్దండి, అంట్లు తోమిన నీళ్ళు దూరంగా పారబొయ్యండి. అన్నీ కోటిలింగానికే చెప్పాడు, ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పినట్టు లేదు. కోటిలింగం అన్నిటికీ తలాడించాడు. తలాడించడం అతనికి మాటల కంటే తేలిక. మూడో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినవాడు, మగ్గం చప్పుడులో మాటలు ఎవరికీ వినపడవు గనక చిన్నప్పుడే మాటలు తగ్గించుకున్నాడు, తరవాత మగ్గం ఆగినప్పుడు కూడా అవి తిరిగి రాలేదు.

వానలో బయట రేగడి నల్లగా మెరుస్తూ ఉంటుంది ఇప్పుడు, ఎండాకాలమంతా నోళ్ళు తెరుచుకుని పడున్న నేల. ఆ నోళ్ళు అతనికి తెలుసు. పాత మట్టి ఇంట్లో ఒక ఎండాకాలం మగ్గం పక్కనే నేల పగిలి, చేతిలోంచి జారిన నాడె ఆ పగుల్లో పడిపోయింది, చెయ్యి పెడితే అందలేదు, కర్ర పెడితే అందలేదు, వానలు రాగానే నేల ఉబ్బి నోరు మూసుకుంది. టేకు నాడె, అతని తండ్రిది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆ ఇంటి తలుపు భాద్రపదంలో బిగుసుకుపోయేది, భుజంతో తోస్తే గాని తెరుచుకునేది కాదు, వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి పోయేవాడు, చైత్రంలో అదే తలుపుకి బెత్తెడు సందు వచ్చి పిల్లి దూరేది. ఏడాదికోసారి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఇల్లు లేచి దిగేది, గోడలో పగులు మొదట పోగంత, తరవాత వేలంత. దానికి ఏటా మట్టి మెత్తేవాళ్ళు, సున్నం కొట్టేవాళ్ళు. ఉప్పెన రోజున గాలి ఆ పగులు పట్టుకునే లోపలికొచ్చింది, గోడ ఒక్కసారిగా మగ్గం మీదికి పడుకుంది. మనుషులు అప్పటికే బడిలో తలదాచుకున్నారు గనక బతికారు. కోడలికి అప్పుడు అయిదో నెల. తడిసిన కోక పిండుకుంటూ బడి వరండాలో ఆమె అన్నది ఒకటే మాట, మామయ్యా, పుట్టేదాన్ని పగులు లేని ఇంట్లో పడుకోబెట్టాలి. కోటిలింగం తలాడించాడు. ఆ తలాడింపు మిగతావాటిలాంటిది కాదు.

అందుకే లాజరు. పామర్రు చుట్టుపక్కల రేగడిలో ఇళ్ళు కట్టి పగలనివ్వని మేస్త్రి ఎవరంటే పాలెంలో లాజరు పేరు చెప్పారు. వచ్చిన మొదటి రోజు అతను తాపీ ముట్టుకోలేదు. కొత్త పిడతలో నిండా పొడి రేగడి దట్టించి, దాని మీద నీళ్ళు పోసి, చూరు కింద పెట్టి వెళ్ళిపోయాడు. తెల్లారి చూస్తే మట్టి అంచు దాటి పైకి ఉబ్బింది, పిడత నిలువునా పగిలింది. రెండో పిడతలో కృష్ణ ఇసుక పోసి నీళ్ళు పోశాడు, అది ఎన్ని నీళ్ళు తాగినా ఉన్నచోటే ఉంది. మీ ఇల్లు ఈ పిడతండి, అని పగిలిన పెంకు కోటిలింగం చేతిలో పెట్టాడు. ఆ పెంకు ఇప్పటికీ గూట్లో ఉంది. గూటి వైపు చూడకూడదనుకుని చూశాడు.

నడుములోతు రేగడి తీసేశారు. బళ్ళ మీద ఇసుక తెచ్చి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టారు. ఇసుక మీద కంకర, కంకర మీద నీళ్ళు పైకి ఎక్కకుండా ప్లాస్టిక్. అంత వెడల్పు ప్లాస్టిక్ ఎక్కడ దొరుకుతుంది, భార్య వెంకటరావమ్మ ఊళ్ళో రైతుల ఇళ్ళకి తిరిగి యూరియా బస్తాల లోపలి సంచులు అడిగి తెచ్చింది, కడిగి, కోసి, ఒకదాని అంచు మీద ఒకటి బెత్తెడు ఎక్కించి, అట్లకాడ పొయ్యిలో కాల్చి అంచులు అతికించింది. ఊరికే అతికిస్తే ఊడుతుందని అంచుని వేళ్ళతో మడతలు మడతలుగా నొక్కి మరీ అతికించింది, కజ్జికాయ అంచు నొక్కినట్టు. చూసి లాజరు నవ్వాడు, అమ్మగారు పండక్కి పిండివంట చేస్తన్నారండి అని. అప్పుడు గచ్చు పోశారు, కంకర సిమెంటు గచ్చు. అది గోడలకి అంటకుండా చుట్టూ వేలెడు సందు వదిలారు, కింద నేల కదిలినా గచ్చు గచ్చుగా, గోడ గోడగా ఉండాలని. ఆ సందులో కూరడానికి లాజరు గోనెపీచు అడిగితే కోటిలింగం మగ్గం కింద పోగుచేసిన తెగిన నూలు గంపెడు తెచ్చి తారులో ముంచి ఇచ్చాడు. ఆ రోజు సంతోషంగా ఉంది. తన తెగిన పోగులు కూడా ఇంటికి పనికొచ్చాయి.

గచ్చు పొయ్యకముందు ఒక్క గుంట దగ్గరే పేచీ వచ్చింది. ఇంత చేసి నడిమధ్య గొయ్యి తవ్వుతానంటారేంటండి, పడవ చేసి అడుగున చిల్లు పెట్టుకున్నట్టు, నిలువు మగ్గం పెట్టుకోండి, అని లాజరు అన్నాడు. కొడుకు అంకమ్మరావు కూడా మేస్త్రి వైపే. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పని వాడిది, ఆదివారం ఆదివారం వస్తాడు, ఎప్పటికైనా మగ్గం మానిపించాలనే వాడి మనసులో ఉంది. కోటిలింగం పునాదిలోకి దిగాడు. గుంట రావలసిన చోట ఇసుకలో కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే లేవలేదు. పొద్దువాలే దాకా కూర్చుంటే లాజరు వచ్చి ఎదురుగా గొంతుకూచున్నాడు, బీడీ వెలిగించుకున్నాడు, అతని కాళ్ళ వంక చాలాసేపు చూశాడు. సరేనండి, అన్నాడు. గుంట కడతాను, ఇటుకతో కట్టి అడుగున సిమెంటు పూస్తాను, కాని అందులో ఒక్క చుక్క పొయ్యకూడదండి. కోటిలింగం తలాడించాడు. మర్నాడే తారు తక్కువైందని అతన్నీ కొడుకునీ విజయవాడ తరిమాడు లాజరు. వచ్చేటప్పుడు బస్సులో తారు డబ్బా చూసి కండక్టరు ఇది మనిషా సామానా అని తగవు పెట్టుకున్నాడు, అంకమ్మరావు మా తాతండి, కాస్త నల్లగా ఉంటాడు అన్నాడు, బస్సంతా నవ్వారు, కోటిలింగం కూడా నవ్వాడు. ఇంటికొచ్చేసరికి గుంట కట్టడం అయిపోయింది, అడుగు కూడా ఆరిపోతోంది.

లాజరు రోజూ పని ముగించి సామాను లెక్కపెట్టుకునేవాడు, పైకి, అందరికీ వినపడేట్టు. తాపీలు రెండు, గుండొకటి, మట్టపలక ఒకటి, ఉలులు మూడు. ముప్పై ఏళ్ళలో ఒక్కటి పోగొట్టుకోలేదని చెప్పుకునేవాడు. ఆఖరి రోజు కూడా లెక్కపెట్టాడు. అయినా అతను వెళ్ళాక మగ్గం బిగిస్తుంటే గుంట గూట్లో పొట్టి ఉలి ఒకటి కనపడింది. పెద్దవాడవుతున్నాడు పాపం అనుకున్నాడు కోటిలింగం, ఈసారి కనిపిస్తే ఇద్దామని దాచాడు.

దాచకుండా ఉండవలసింది. రోహిణి కార్తె వచ్చింది, వడగాలి వచ్చింది, పడుగు పోగులు తెగడం మొదలైంది. కొత్త గచ్చు మీద గాలి ఎండుగడ్డిలా ఉంది. పాత ఇంట్లో అయితే గుంట అడుగు మట్టి, పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు పోస్తే కింద నించి తడి ఆవిరి పైకి వస్తూ నూలుని మెత్తగా ఉంచేది, నలభై ఏళ్ళుగా నిద్ర లేచి మొహం కడిగాక చేసే మొదటి పని అది. సిమెంటు గుంట ఎండిన కుండ. అదుగో పోగు తెగింది, ముడేశాడు, ఇంకోటి తెగింది, ముడేశాడు. గజం నేసేసరికి ముళ్ళే కనపడుతున్నాయి. సిమెంటు మీద నీళ్ళు పోస్తే నిలబడి కాళ్ళు నానాయి తప్ప నూలుకి ఏమీ రాలేదు, గాలి తడవలేదు. ఆడవాళ్ళిద్దరూ పిల్లనెత్తుకుని బట్టలకి కాలవకి వెళ్ళిన రోజు, ఆ ఉలి తీసి గుంట అడుగున అరచేయి పట్టేంత సిమెంటు పగలగొట్టాడు. రెండు వేళ్ళ మందం. కింద ఇసుక వచ్చింది. ఇల్లంతా కింద పరిచిన ఇసుకే అది, దాని కింద రేగడే, అనుకున్నాడు. అయినా చెంబు వంచాడు. ఇసుక గటగటా తాగింది. మర్నాడు పోగు తెగలేదు. ఆ రోజు నించే నూలుపోగు కట్టి చింతగింజ తొయ్యడం. నీళ్ళు మానాలనుకునేవాడు, పొద్దున్నే చెయ్యి చెంబు మీదికి పోయేది. రోజూ మానాడు, రోజూ పోశాడు.

వాన ఇంకా గట్టిపడింది. పైనించి ఇన్ని నీళ్ళు, కిందనించి తను పోసినవి, రెండూ ఆ రేగడిలో కలుసుకుంటాయి. మొదట పోగంత పగులు. పిల్ల పాకే రోజుకి వేలంత. నడిచే రోజుకి తలుపు బిగుసుకుంటుంది. అంకమ్మరావు విజయవాడ నించి వచ్చి గచ్చు చూసి, నాన్న వైపు చూసి, ఏమీ అనడు. అనకపోవడం వాడికి తననించే వచ్చింది. లాజరు వస్తాడు, గుంటలోకి తొంగి చూస్తాడు. పాదాలు గుంట అడుగున ఆన్చి ఉన్నాయి. అరవై అయిదేళ్ళ పాదాలు, తొక్కుడు చెక్కలు తొక్కి తొక్కి తోలు దళసరెక్కినవి, అయినా నేల సంగతి కళ్ళ కంటే వాటికే ముందు తెలుస్తుంది, పాత ఇంట్లో వాన రాబోయే ముందు రోజే అడుగు చల్లబడి చెప్పేది. ఇప్పుడు ఏం చెప్తున్నాయవి? పొద్దున పోసిన చెంబెడు తడి, అంతే. పెరగలేదు. ఇంత వానకి ఊట రావాలి కదా. కాలి బొటనవేలు చిల్లులో పెట్టాడు. తడి ఇసుక. నీళ్ళు లేవు.

వంగాడు, చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా ఇసుక. అంతటితో రేగడి తగలాలి, జిగురుగా, గోళ్ళలో దూరే జిగురుగా. తగల్లేదు. ఇంకా తవ్వాడు, పిడికెడు పిడికెడు పక్కన పోస్తూ, కడుపు మగ్గం దుంగకి నొక్కుకుంటున్నా ఆగకుండా. మోచేతి దాకా పోయింది చెయ్యి. అక్కడ వేళ్ళకి నున్నగా ఏదో తగిలింది. రేగడి నున్నన కాదు, ప్లాస్టిక్ నున్నన. వేళ్ళు దాని మీద పాకించాడు, ఒక అంచు వచ్చింది, అంచు మీద మడత, పక్కన మడత, మళ్ళీ మడత. కజ్జికాయ. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నలభై అయిదేళ్ళుగా ఆ వేళ్ళ మడతలు తిన్నవాడు, చీకట్లో పెట్టినా పోల్చగలడు.

తలెత్తితే వెంకటరావమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో బియ్యం చేట. ఎంతసేపటి నించి చూస్తోందో.

“అందిందా?” అంది.

అతని చెయ్యి ఇంకా గుంటలోనే ఉంది.

ఆమె వచ్చి గుంట పక్కన కూర్చుంది, చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతూ, పిల్ల లేవకుండా చిన్నగా చెప్పుకొచ్చింది. తారు కోసం విజయవాడ పంపిన రోజే లాజరు చెప్పాడట, గుంట తవ్వి ఉన్న తారు కింద పూసి, దాని మీద సంచిలాగా ప్లాస్టిక్ వేసి, అంచులు ఇటుక గోడ వెనక నించి గచ్చు దాకా తెచ్చి, సంచిలో మూరెడు ఇసుక పోసి, పైన పలచగా సిమెంటు పూస్తానని. ఆ సంచి అతికించింది తనేనట. అది పిడతండి అమ్మగారూ, మట్టి పిడత కాదు, ఇసక పిడత, ఎన్ని నీళ్ళు పోసినా లోపలే ఉంటాయి, బయటి రేగడికి చుక్క పోదు అన్నాడట.

“నలభై ఏళ్ళు గుంటలో నీళ్ళు పోసినోడు తలాడించినంత మాత్రాన మానతాడా అన్నాడు లాజరు. నేను మానతాడన్నా,” అంది. “ఓడిపోయా.”

“చెప్పలేదే?” అన్నాడు చివరికి.

“చెబితే బిందెలు బిందెలు పోసేవోడివి. భయముంటే చెంబుతో ఆగుతావు.” ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. “రోజూ ఆ గింజ పట్టుకుని దొంగలాగా పాకుతుంటే నా కడుపు చెక్కలైంది, నవ్వలేక.”

గింజ. గింజ ఆగింది గదా మరి. వేలితో చూపించాడు. ఆమె ఆ పోగు వంక చూసింది, అతని వంక చూసింది. గంజి పెట్టిన పోగు, అంది, అంతే. అంతే చాలు. ముసురు పట్టిన గాలికి గంజి మెత్తబడితే పోగు సాగుతుంది, సాగిన పోగు నడుమ దగ్గర వాలుతుంది, అందుకే వానాకాలం పడుగు పొద్దున్నే మళ్ళీ బిగించుకోవాలి, ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి చెప్పిన మొదటి సంగతి. యాభై ఏళ్ళ పైబడి చేసిన పని భయంలో ఒక్క గంట మరిచిపోయాడు. లేచాడు, మోకాళ్ళు కలుక్కుమన్నాయి, వెనక గోడ మేకు దగ్గర పోగు విప్పి బిగించి కట్టాడు, గడప దగ్గర గింజ పెట్టి వేలితో తోశాడు. మగ్గం పక్క నించి, ఇందాక ఆగిన చోటు మీదుగా, కోడలి కాళ్ళ పక్కగా, పిల్ల పిడికిలి పక్కగా, గోడ దాకా. గోడకి తగిలి టక్కుమంది. ఎవరూ లేవలేదు. గోడ మొదట్లో తారు పూసిన నూలు నల్లగా, పొడిగా ఉంది, చేత్తో తడిమాడు, చేతికి తడి అంటలేదు. బయట వాన దారిన వాన పోతోంది, చూరు నించి వాలు మీదికి, వాలు నించి కాలవకి. ఎన్నాళ్ళనించో మోస్తున్న తడిబట్ట ఎవరో ఒంటి మీంచి తీసి ఆరేసినట్టుంది. తవ్విన ఇసుక చిల్లులో మళ్ళీ పోసి, అరికాలితో అదిమి, కూర్చుని నాడె అందుకున్నాడు. ఆ సాయంత్రం దాకా నేశాడు. ఒక్క పోగు తెగలేదు. మధ్యలో పిల్ల లేచి ఏడిచింది, మగ్గం చప్పుడు విని ఊరుకుంది. వెంకటరావమ్మ చెంబు నిండా నీళ్ళు తెచ్చి, అందరూ చూసే చోట, గుంట గట్టు మీద పెట్టి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే వాన వెలిసింది. కోటిలింగం గుంటలో చెంబు వంచి, పొట్టి ఉలి పంచె మడతలో దోపుకుని, రేగడి బురద మోకాళ్ళ దాకా అంటుకుంటుంటే పాలెం దాకా నడిచి వెళ్ళాడు. లాజరు వాకిట్లో సంచి ముందు పెట్టుకుని పనికి బయల్దేరుతున్నాడు. కోటిలింగం ఉలి తీసి ఇచ్చాడు. లాజరు దాని మొన వేలితో చూశాడు, సిమెంటు అంటిన చోట గీకాడు. మూరెడు ఇసుకకి జానెడు ఉలి, అది ఎంత దిగినా సంచికి తగలదని కోటిలింగానికి అప్పుడు తట్టింది. గునపం వెతుక్కోకుండా చేతికి అందేట్టు ఎవరు పెట్టారో కూడా తట్టింది.

“పనికొచ్చిందాండీ?” అన్నాడు లాజరు.

“వచ్చింది మేస్త్రీ.”

లాజరు ఉలిని తొడ మీద తుడిచి సంచిలో పడేశాడు.

“ఉలులు మూడు,” అన్నాడు.